రజియక్క ఎర్ర బొట్లు

దవాఖానలో సూది వేసే ముందు నర్సమ్మ నా జబ్బకు స్పిరిట్ రాసింది. చల్లగా తగిలి, ఘాటుగా ముక్కుకెక్కింది. ఆ వాసనకు ఎవరికైనా భయం వేస్తుంది. నాకు నవ్వొచ్చింది.

"ఏందన్నా, సూదంటే నవ్వుతున్నవ్?" అంది.

"గీ వాసన పీల్చుకుంటనే నేను ల్యాప్‌టాప్ కొన్న సిస్టర్" అన్నాను. ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, జ్వరం ఎంతుందో మళ్లీ కొలిచింది. ఏం చేస్తాం, నిజం చెప్పినప్పుడే నన్నెవరూ నమ్మరు. బాన్సువాడ బస్టాండు ఎదురు గల్లీలో రజియక్క దుకాణం ఉండేది. అందులో పొద్దస్తమానం ఇదే వాసన. పాత ల్యాప్‌టాప్‌ను విప్పి, దూదిని స్పిరిట్‌లో ముంచి, పసిపిల్ల చెవులు తుడిచినట్టు దాని మూలమూలలా తుడుస్తుండేది ఆమె.

రజియక్కను చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పడానికి నాకంటే పనికిరాని మనిషి దొరకడు. నిజాంసాగర్ కాలువలో నా చెప్పు కొట్టుకుపోయి పిట్లంలో మా బావకు దొరికిందని చెప్పినవాణ్ణి నేను. కాలువ పిట్లం దిక్కు పోదు కదరా అని ఎవరో అడిగితే, "అందుకే గదా నేను గూడ పరేషానైన" అన్నాను. నా మాటను సగానికి విరిచి, అందులో సగాన్ని నమ్మడం ఊరివాళ్లకు అలవాటు. రజియక్క మాట అలా కాదు. గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది. భర్త పోయాక ఆయన రేడియో రిపేరు దుకాణాన్నే ల్యాప్‌టాప్‌ల దుకాణంగా మార్చి, కళ్లద్దాలు దుపట్టా మీదికి తోసుకుని గల్లీ అంతా వినబడేలా బేరాలు చేసేది. ఆమె బాగుందంటే బాగున్నట్టే, ఇక రెండో మనిషిని అడిగే పని లేదు.

నేను ఆమె దుకాణం మెట్లెక్కిన రోజు నా పరిస్థితి ఏమంత బాగాలేదు. నేను లెక్కలు రాసే రైస్‌మిల్లు మూతపడింది. హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పొమ్మని మా బావమరిది సలహా ఇచ్చాడు. ఆ వయసులో కొత్తగా ఎవరి గేటు ముందో కుర్చీ వేసుకోవడానికి నాకు మనసొప్పలేదు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లిలో ఎరువుల దుకాణం నడిపే పాటిల్ సేటు, "నీ కంప్యూటర్ తీసుకుని రా, నా ముందర కూర్చుని పని చెయ్యి, నచ్చితే లెక్కలన్నీ నీకే" అని కబురు పెట్టాడు. పాటిల్ ఇస్తే పిట్లం, బిచ్కుంద వ్యాపారులూ ఇస్తారు. ఇవ్వకపోతే గేటే గతి. కంప్యూటర్ మాత్రం నా దగ్గర లేదు.

"అక్కా, గా సన్నది చూపెట్టు" అని అద్దాల బీరువాలో తళతళలాడుతున్న కొత్త ల్యాప్‌టాప్ చూపించాను. అప్పడంలా ఉంది. పాటిల్ ముందు దాన్ని తెరిస్తే ఎలా ఉంటుందో అప్పటికే ఊహించుకున్నాను.

"సేటుకు చూపెట్టేతందుకా, పని చేసేతందుకా?"

"రెండిటికి."

"చూపెట్టేతందుకైతే పెండ్లికొడుకును తీస్కపో. ఇగో, నీ పని తెచ్చుకున్నవా? గీడ కూసొని చెయ్యి."

ఆ దుకాణంలో పద్ధతే అది. ఎవరొచ్చినా రోజూ చేసే తమ పనిని అక్కడి స్టూలు మీద కూర్చుని కాసేపు చేసి చూపాలి. కవితలు రాసే సారు వస్తే కవిత రాయాల్సిందే, పెళ్లిపత్రికలు చేసేవాడు వస్తే పత్రిక చేయాల్సిందే. నేను మిల్లు పాత బిల్లులు ముందు పెట్టుకుని అంకెలు కొట్టడం మొదలుపెట్టాను. కాసేపటికి అక్క లేచి వచ్చి నా కుడిచేతిని చూస్తూ నిలబడింది. ఆ చెయ్యి మాటిమాటికీ కీబోర్డు దాటి, పక్కన ఖాళీ బల్ల మీద తడుముకుంటోంది.

"ఏం దేవులాడుతున్నవ్ మియా? అక్కడ నంబర్ల కీలు లేవు. సన్నదానికి గవి పట్టవు" అంది. "నువ్వు పొద్దంత అంకెలు గొట్టేటోనివి. పైన వరుసల ఒక్కొక్కటి ఏరుకుంట కూసుంటే పాటిల్ నిద్రపోతడు. ఇంకోటి చెప్పాల్నా? దీన్ల ర్యామ్ బోర్డుకు అతికిచ్చేసిండ్రు. రేపు పని ఎక్కువైతే పెంచరాదు. కొన్ననాడే దాని ఆయుష్షు రాసిపెట్టిండ్రు."

తర్వాత లోపలికెళ్లి నల్లటి, మందపాటి ల్యాప్‌టాప్ తెచ్చింది. నా ముఖం చిన్నబోయింది. అది ఇటుకలా ఉంది.

"సెకండ్ హ్యాండా అక్కా?"

"తోబా! సెకండ్ హ్యాండంటే ఒకలు వాడి ఎట్లుంటే గట్ల నీ చేతుల పెట్టేది. ఇది కంపెనీ వాళ్లు స్టాఫ్‌కు ఇచ్చి, ఏండ్లు గాంగనే అన్ని కలిపి ఒక్కపారి లాటుగ అమ్మేసినది. నేను విప్పిన, చూసిన, ఖరాబైనయి మార్చిన, వారంటీ రాసిస్త. గీ మడత చూడు" అంటూ మూతను ఒంటివేలితో తెరిచి మూసింది. "రోజు బస్సుల తిరిగెటోళ్ల కోసం చేసిన మాలు ఇది. కిందంత మరలే, విప్పితే అన్నీ మార్చుకోవచ్చు."

అప్పుడే చూశాను, దాని ఒంటి మీద అక్కడక్కడా ఎర్రటి బొట్టుబిళ్ళలు. గాజుల దుకాణంలో ఆడవాళ్లు కొనే బిళ్ళలే. మూల సొట్ట దగ్గర ఒకటి, అక్షరం చెరిగిపోయిన కీ మీద ఒకటి, కుడి పక్కన పెన్‌డ్రైవ్ పెట్టే బొక్క దగ్గర ఒకటి. రజియక్క తన మాలులో లోపం ఉన్న ప్రతిచోటా బిళ్ళ అంటించి, ముందుగా వాటినే చూపించేది. మంచి మాట ఆ తర్వాతే. తనకోసం ఒక్కసారి కూడా కొనుక్కోని బిళ్ళలను ఆమె ప్యాకెట్లకు ప్యాకెట్లు కొంటుంటే గాజుల దుకాణం నడిపే ఆమెకు ఎంతకూ అర్థమయ్యేది కాదట.

ఆ ఇటుకకే ఒప్పుకున్నాను. నా ఎదుటే పాత హార్డ్ డిస్కు తీసి వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ పెట్టింది, ర్యామ్ పెంచింది, కొత్త బ్యాటరీ వేసింది. స్విచ్ నొక్కి, పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఏదైనా లోపల మిగిలిందేమోనని వెతికింది. "గిది చూడకుండ కొంటే ఒకనాడు తాళం పడ్తది. తాళంచెవి ఎవని దగ్గరుంటదో అల్లాకెరుక" అంది. అసలైన విండోస్ ఎక్కించి, లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టి, తెలుగు, మరాఠీ అక్షరాలు వచ్చేలా చేసి, నా పనికి ఒక ఖాతా, ఇంట్లోవాళ్ల సినిమాలకు ఇంకో ఖాతా విడదీసింది. రోజూ సాయంత్రం లెక్కలను వేరే డ్రైవ్‌లోకి దింపుకోమని మా అమ్మ మందులు గుర్తుచేసినట్టు చెప్పింది. "దీని పని అయిపోయిన్నాడు నా దగ్గరికే తీస్కరా. ఇంకోటి నేనే ఏరిస్త" అని సంచిలో పెట్టి ఇచ్చింది.

ఇంటికి తెస్తే నా భార్య సుజాత ఆ బొట్లు చూసి చేతులు జోడించింది. "సాయబులామె మన కోసం పూజ గూడ చేసిచ్చిందా! ఎంత మంచి మనసయ్యా" అంది. నేను నోరు తెరిచేలోపు పైన కుంకుమతో ఇంకో బొట్టు పెట్టి, అగరబత్తి తిప్పింది. లోపం లేనిచోట పడ్డ బొట్టు అదొక్కటే.

డోంగ్లిలో పాటిల్ సేటు ఎరువుల బస్తాల మధ్య కుర్చీ వేయించాడు. నా ఇటుకను చూసి మొహం చిట్లించాడు. "హే కాయ్ బాబా? గింత లావుగున్నది?"

నా నోరు ఊరుకుంటుందా? "సేట్, ఇది రాకెట్ల ఆఫీసుల పనిచేసిన మిషను. చంద్రుని దిక్కు పోయిన రాకెట్‌కు దారి లెక్కలు గిదే కట్టింది" అన్నాను. పాటిల్ కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు. గెలిచాననుకున్నాను. అంతలో కరెంటు పోయింది. ఆయన కంప్యూటర్ చచ్చింది, నాది నడుస్తూనే ఉంది. రాకెట్ మాట ఇంకా బలపడింది. పాటిల్ సంతోషంగా తన లెక్కలున్న పెన్‌డ్రైవ్ తీసి, తానే పెడదామని ల్యాప్‌టాప్ కుడిపక్కకు వంగాడు. ఎర్రబొట్టు ఉన్న బొక్క దగ్గరికి.

నోరు మూసుకుంటే రాకెట్ గౌరవం నిలుస్తుంది. పెన్‌డ్రైవ్ నడుమ ఊడితే ఆయన లెక్కలు పోవచ్చు. నోరు తెరిస్తే నా బతుకు గేటు దగ్గరికి పోవచ్చు. నేను ఆలోచించలేదు. దూదితో తుడుస్తున్న చెయ్యి ఒకటి కళ్లముందు కదిలింది, అంతే.

"సేట్, ఆగుండ్రి! గా బొట్టున్న దాన్ల పెట్టకుండ్రి. అది లూజు. ఇటుపక్క పెట్టుండ్రి. బొట్టున్నకాడల్ల లోపమే."

పాటిల్ పెన్‌డ్రైవ్‌ను వెనక్కు తీసుకున్నాడు. "రాకెట్ పంపినదానికి బొక్క లూజా?"

"నిజం చెప్పాల్నంటే సేట్, ఇది బాన్సువాడల కొన్న పాత మాలు. రాకెట్ ముచ్చట నాది."

ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, ఎడమపక్కన పెన్‌డ్రైవ్ తానే పెట్టాడు. "బాబా, నా దగ్గరికొచ్చిన లెక్కలోళ్లందరు అంత మంచిగున్నది సేట్ అనేటోళ్లే. ఆఖరుకు టాక్సోళ్ల నోటీసొచ్చినప్పుడే తెలుస్తుండె. నా లెక్కలల్ల తప్పున్నకాడ గూడ గిట్ల బొట్టు పెడ్తవా?"

"పెడ్త సేట్."

అలా నాకు బతుకుదెరువు దొరికింది. తిరిగొచ్చి అక్కకు చెబితే, రాకెట్ దగ్గర తల కొట్టుకుంది. సొరుగులోంచి బిళ్ళల ప్యాకెట్ తీసి నా చేతిలో పెట్టింది. "గివి ల్యాప్‌టాప్‌కు గాదు తమ్మీ, నీ నోటికి. చెప్పు, నీ కథలు నాకు గూడ ఇష్టమే. కాకపోతే ఎక్కడ పెంచినవో నీకన్న ఎరుకుండాలె."

పోయిన చలికాలంలో రజియక్క కన్నుమూసింది. పలకరింపుకు వెళితే ఆమె తమ్ముడి ఇంట్లో నలుగురూ కూర్చుని, దేవత అనీ, కోపమన్నదే ఎరగదనీ చెబుతున్నారు. ఆమె బిడ్డ నస్రీన్ ఒక మూల తలొంచుకుని ఎవరి మాటా విననట్టు ఉంది. నా వంతు వచ్చింది. "కోపిష్ఠిది" అన్నాను. అందరూ నా దిక్కు తిరిగారు. "బేరంల మనిషిని ఏడిపిస్తుండె. చాయ్‌ల చక్కెర కుమ్మరిస్తుండె. గల్లీల ఎవల గొంతు లేవనియ్యకుంటుండె."

నస్రీన్ తలెత్తింది. కళ్లనిండా నీళ్లతోనే నవ్వింది. "కూరల కారం గూడ ఎక్కువేస్తుండె అన్నా, మర్చిపోయినవ్. ఇగ మంచిది చెప్పు."

చెప్పబోయాను. ఇటుకను రాకెట్ చేసిన నాలుక ఆ రోజు కదల్లేదు. పెంచి చెప్పేందుకు ఏమీ మిగలలేదు. ఉన్నదే నా నోట్లో పట్టలేదు.

ఆ ప్యాకెట్ ఇప్పటికీ నా సంచిలో ఉంది. ఎవరి లెక్కలు రాసినా తప్పున్న చోట బిళ్ళ అంటించి, ముందు దాన్నే చూపిస్తాను. ఇది రాసి ముగించాక కూడా ఆ బిళ్ళలే తీసుకుని కూర్చున్నాను. కాలువలో చెప్పు మీద ఒకటి అంటించాను. గాజుల దుకాణం సంగతి మీద సగం చింపి పెట్టాను, అక్కడ పెంచింది కొంచెమే. రజియక్క మాటలన్నీ మళ్లీ చదివాను. బిళ్ళ పెట్టాల్సిన చోటు ఒకటే దొరికింది. దీని పని అయిపోయిన రోజు ఇంకోటి నేనే ఏరిస్తానన్న మాట. అది నిలబెట్టుకోవడానికి ఆమె లేదు. బిళ్ళ వేలికైతే అంటించుకున్నాను. దాని మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇటుక ఇంకా నడుస్తూనే ఉంది కదా.