పాత పడవలు అమ్మిపెట్టే మావయ్య

మా మావయ్య రేపల్లె దగ్గర రేవులో పాత చేపల పడవలు అమ్మిపెట్టేవాడు. కొనడానికి ఎంతటివాడొచ్చినా చెప్పులు విడిచి పడవ అంచు తాకాల్సిందే. "ముందు దణ్ణం పెట్టండి బాబూ, ధర తర్వాత" అనేవాడు. అమ్మేవాళ్ళ ఎదుట పడవకు వంక పెట్టనిచ్చేవాడు కాదు. లోపాలుంటే కొనేవాణ్ణి పక్కకు పిలిచి తనే చెప్పేవాడు.

ఒకసారి ఒకావిడ తన పడవను అమ్మకానికి పెట్టింది. సముద్రంలో ఆ పడవ బోల్తాపడే ఆమె భర్త చనిపోయాడు. ఫోన్లో ఫొటోలు చూసి రామాపురం నుంచి వచ్చినతను మావయ్య వారిస్తున్నా వినకుండా పడవను చెప్పుకాలితో తన్నాడు.

"మొగుణ్ణి మింగిన పడవ ఎవడిక్కావాలి? సగానికిస్తే పట్టుకెళ్తా" అన్నాడు.

ఆమె తమ్ముడు తెడ్డు తీసి అతని తల పగలగొట్టాడు. అతని వెంట వచ్చినవాళ్ళు కర్రలతో తమ్ముడి మీద పడ్డారు. మావయ్య ఆ కుర్రాడి మీద బోర్లా పడి దెబ్బలన్నీ తనే తిన్నాడు. ఆయన మోచెయ్యి విరిగిన చప్పుడు పక్కనే ఉన్న నాకు వినబడింది. అది విని వాళ్ళూ ఆగిపోయారు.

తల పట్టుకుని కూర్చున్న రామాపురం అతను భయపడ్డాడు. "కేసులొద్దండి. పడవకు అడిగినంతా ఇస్తా."

"నేనమ్మనండి. మీరన్నది నిజమే, మింగింది" అంటూ ఆమె పక్కనున్న గొడ్డలి అందుకుని పడవ మీద వేటు వేసింది.

తమ్ముడు లేచి ఆపబోయాడు. విరిగిన చేతిని పొట్టకు అదుముకుని మావయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఆపకురా. పడవ ఆవిడది."

చెక్కలు విడిపోయేదాకా ఆమె నరుకుతూనే ఉంది. మావయ్య ఒక్కసారి కూడా అటు తిరిగి చూడలేదు.