తొమ్మిదో ప్రశ్న

ఇరవై రెండేళ్ళు ఆపరేషన్ల వార్డులో పనిచేసిన మనిషిని ఉన్నట్టుండి మనసు బాగోలేనివాళ్ళ వార్డుకు మారిస్తే ఎలా ఉంటుంది? చేతులు కట్టేసినట్టు ఉంటుంది. సిస్టరమ్మకు అలాగే ఉంది. పాత వార్డులో గాయం కళ్ళెదుట ఉండేది. కడిగి, కట్టు కట్టి, ఎన్ని కుట్లో రాసుకుంటే సరిపోయేది. ఇక్కడ మనిషి నిక్షేపంగా తల దువ్వుకుని కూర్చుంటాడు, ఎక్కడ నొప్పంటే తెలియదంటాడు. ఇది చాలదన్నట్టు, నలభై ఏడేళ్ళ వయసులో ఆమెకు ఆరు నెలల శిక్షణ కూడా అంటగట్టారు. వారానికి రెండు మధ్యాహ్నాలు పాఠం, నెలకో పరీక్ష.

పాఠాలు వింటే బుర్ర తిరిగిపోయేది. ఇల్లంతా కలిసి ఒకటే యంత్రం, ఒకరికి దిగులు పట్టుకుంటే మిగతా అందరినీ చూడాలి అని ఒకరోజు చెప్పారు. ఇంట్లో తలా ఒక వేషం కడతారు, ఒకరు బరువు మోస్తే ఒకరు నవ్విస్తారు అని మరోరోజు. ఇంటివాళ్ళ వల్ల వచ్చింది కాదు, ఇదీ షుగరులాంటి జబ్బే అని ఇంకోరోజు. ఏ రోజుకారోజు అదే నిజమనిపించేది. మూడూ కలిపి చదివితే మాత్రం ఒక్క ముక్క తలకెక్కేది కాదు.

"మేడమ్, ఇంతకీ తప్పెవరిదని రాయాలి?" అని ఒకసారి అడిగేసింది. క్లాసంతా ఘొల్లున నవ్వింది.

"తప్పు వెతకడానికి కాదమ్మా ఇవి, మనిషిని చూడ్డానికి" అంది పాఠం చెప్పే మేడమ్. సిస్టరమ్మకు అదీ అర్థం కాలేదు. అయినా బుద్ధిగా నోట్సులో రాసుకుంది.

ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్ళామే. కూతురు హాస్టల్లో చదువుకుంటోంది. భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. వీధి చివర షట్టరున్న చిన్న గది ఆయన దుకాణం. అందరూ మేస్త్రి అంటారు. నోరు విప్పితే ఎదుటివాళ్ళకు కడుపు చెక్కలు కావాల్సిందే. భార్య పరీక్షలన్నిటికీ రోగి వేషం ఆయనదే. పోయిన నెల, భయాల జబ్బు పాఠానికి, టేబులు కింద దూరి, ఫ్యాను తనను గుడ్లురిమి చూస్తోందని గగ్గోలు పెట్టాడు. ఆమె నవ్వలేక చచ్చింది. ఆ పరీక్షలో తప్పింది కూడా.

ఈ నెల పాఠం డిప్రెషన్. తొమ్మిది ప్రశ్నల కాగితం, ప్రశ్నకు సున్నా నుంచి మూడు మార్కులు. ఎక్కువ వచ్చినవాళ్ళకు ఎక్కువ జబ్బన్నమాట. ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని సోఫాలో కూలేసి, "ఈసారైనా సరిగ్గా చెయ్యండి" అంది.

"నిద్ర ఎలా పడుతోంది?"

"మూడింటికే మెలకువొస్తుంది. లేస్తే నీ నిద్ర చెడుతుందని అలాగే పడుంటాను."

"భలే. పని మీద ఆసక్తి?"

"మిషను విప్పుతాను. విప్పాక బిగించాలనిపించదు. ఏడు అలా పడున్నాయి."

ఈసారి ఆయనలో కోతివేషాలు లేవు, గొంతు కూడా పెంచలేదు. ఇన్నాళ్ళకు ఈయనకు నటన వంటబట్టిందని ఆమె మురిసిపోయింది. ఎనిమిదో ప్రశ్న అయ్యేసరికి పొయ్యి మీద టీ పొంగింది. తొమ్మిదోదానికి తనే సున్నా వేసేసి, వంటింట్లోకి పరుగెత్తింది.

మంగళవారం క్లాసులో సిస్టరమ్మ ఇచ్చిన ఆ కాగితాన్ని మేడమ్ రెండుసార్లు చదివింది. "ఇరవై ఏడుకు పదిహేడు వచ్చింది. ఎవరమ్మా ఈ రోగి?"

"రోగి ఎవరూ లేరు మేడమ్. మా ఆయన నటించారు."

"నటించేవాళ్ళు నిట్టూరుస్తారు, ఏడుస్తారు. ఏడు మిషన్లని లెక్క చెప్పరు" అంది మేడమ్. "తొమ్మిదోదానికి ఏమన్నారు?"

నాడి పట్టుకోకుండా నాడి రాసిన జూనియర్లను ఉతికి ఆరేసిన మనిషి సిస్టరమ్మ. "అడగలేదు. ఉత్తుత్తిదే కదా అని..." అంది.

"వెళ్ళి అడుగు. ఇప్పుడే."

దారి పొడుగునా ఆమెకు ఏమీ పాలుపోలేదు. నిజంగా నటనే అయితే, పెళ్ళాం పరుగెత్తుకొచ్చిందని జీవితాంతం ఏడిపిస్తాడు. ఏడిపిస్తే బాగుండునని కూడా అనిపించింది. నటన కాకపోతే ఎప్పటినుంచి? పక్కలో పడుకున్న మనిషికి మూడింటికి మెలకువొస్తే తనకెలా తెలియలేదు? ఆయన నవ్వించాడు, తను నవ్వింది. ఇది ఏ పాఠం కిందికొస్తుందో, మొదటిదా, రెండోదా, మూడోదా, ఎంత ఆలోచించినా తేలలేదు. తన మీద తనకే ఒళ్ళు మండింది.

దుకాణంలో మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో పనేమీ లేదు. గోడవారగా, విప్పిన మిషన్లు వరుసగా ఉన్నాయి. ఆమె లెక్కపెట్టింది. తొమ్మిది.

"ఏమోయ్ సిస్టరూ, నా నటనకు ఎన్ని మార్కులేశారు?" అన్నాడు ఎప్పటిలాగే నవ్వుతూ.

ఆ నవ్వు చూసి ఆమె మళ్ళీ తికమకపడింది. తిరిగి వెళ్ళిపోదామా అనుకుంది. కానీ వెళ్ళలేదు.

"ఒక ప్రశ్న మిగిలిపోయిందండీ. చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపిస్తోందా మీకు?"

ఆయన నవ్వు ఆగింది. పాతగుడ్డ తీసుకుని, వేళ్ళకున్న నూనె ఒక్కో వేలే తుడుచుకున్నాడు.

"ఆదివారమే అడుగుతావనుకున్నాను" అన్నాడు. గుడ్డ పక్కన పెట్టి, "అనిపిస్తోంది. రోజూ కాదు" అన్నాడు.

ఈ మాట వార్డులో ఆమె చాలామంది నోట విన్నది. విన్నాక ఏం చెయ్యాలో కంఠతా వచ్చు. వాదించకూడదు, నీతులు చెప్పకూడదు, ఒంటరిగా వదలకూడదు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. అన్నీ గుర్తున్నాయి. అయినా వార్డులో ఎన్నడూ రాని ఏడుపు తన్నుకొచ్చింది.

"ఇది నర్సుగా అడిగావా, నా పెళ్ళానివై అడిగావా?" అన్నాడు మేస్త్రి.

"నాకూ తెలియడం లేదు" అంది కళ్ళు తుడుచుకుంటూ. "షట్టరు దించండి. డాక్టరు దగ్గరికి పోదాం."

మేస్త్రి ఏ జోకూ వెయ్యలేదు. లేచి తాళంచెవి కోసం వెతుక్కున్నాడు.