‘అంట’ అన్న సాక్షి

“చూసినవా, విన్నవా? రెండిట్ల ఒకటి చెప్పు.”

“నేను ఆడనే ఉన్న సారు. మూత తియ్యమన్నడంట, మా ఇంటాయన తీసిండంట.”

“గట్లని నీకు ఎవరు చెప్పిండ్రు?”

“ఎవరు చెప్తరు? నేనే చెప్తున్న.”

“అంట అంటున్నవు గదా. అంట అంటే ఇంకొకలు చెప్పిన మాటనే గదా.”

“ఇంకొకలు ఎవరున్నరు సారు ఆడ? పొయ్యిల కట్టెలు పెట్టేది నేను. ఆడ లేనిది మీరు.”

వెనక బెంచీల మీద ఎవరో నవ్వారు. జడ్జి గారు తల ఎత్తగానే నవ్వు ఆగిపోయింది. ప్రశ్నలు అడుగుతున్న ముద్దాయి తరఫు వకీలు మాత్రం నవ్వలేదు. తనకు కావలసింది దొరికినట్టు కాగితాల మీద ఒక గీత గీసుకున్నాడు.

ఇది ఆర్మూర్‌లో, నేను పనిచేసిన కోర్టు హాలులో జరిగింది. అప్పటికి నా రిటైర్‌మెంటుకు ఇంకా కొన్నేళ్లు ఉన్నాయి. నేను అటెండర్‌ను. మా ఆయన అదే ఉద్యోగం చేస్తూ చనిపోతే, అయిదో తరగతి చదువు మీద ఆ కొలువు నాకు ఇచ్చారు. కోర్టులో అటెండరుది అన్నిటికంటే కింది మెట్టు. పైన దఫేదారు, ఆ పైన బెంచి క్లర్కు, ఆ పైన సూపరింటెండెంటు. పొద్దున్నే తాళాలు తీయాలి. బెంచి క్లర్కు ఫైలు చూసి పేరు చెబితే తలుపు దగ్గర నిలబడి మూడుసార్లు పిలవాలి. వచ్చిన సాక్షిని బోను ఎక్కించాలి. వేలిముద్ర వేయాల్సి వస్తే సిరా పెట్టె పట్టుకుని నిలబడాలి. హాలులో అటెండరు నోరు తెరిచేది పేర్లు పిలవడానికి మాత్రమే. చేరిన రోజే దఫేదారు ఈ మాట చెప్పాడు. కొలువు ఉన్నన్నాళ్లూ నేను దాన్ని దాటలేదు.

ఇన్నాళ్లకు ఇది ఎందుకు రాస్తున్నానంటే, నా మనవరాలు నిజామాబాద్‌లో లా చదువుతున్నది. సెలవులకు వచ్చినప్పుడు పెద్దగా చదువుకుంటుంది. సాక్షి తాను కళ్లారా చూసిందే చెప్పాలి, ఇతరులు చెప్పగా విన్నది సాక్ష్యం కాదు, అన్నది ఆ చదువులో మొదట నేర్పేవాటిలో ఒకటట. దాని కిందనే పెద్ద కోర్టుల తీర్పులు వరుసగా ఉన్నాయి. ఆ సూత్రం బోనులో ఎట్లా నిలబడుతుందో నాకు తెలిసినంత రాయమన్నది. రాస్తున్నాను.

బోనులో ఉన్న మనిషి పేరు లచ్చవ్వ. కాగితాల మీద లక్ష్మి. కూలి చేసుకు బతికేది. ఆమె భర్త సాయిలు వేల్పూర్ దిక్కున ఒక కల్లంలో పసుపు ఉడకబెట్టే బాయిలరు మీద పనిచేస్తూ చనిపోయాడు. ఇప్పుడు కడాయిల్లో ఉడకబెట్టేవాళ్లు తగ్గారు. బాయిలరు బండి అద్దెకు వస్తుంది. నీళ్లు కాగి, ఆవిరి గొట్టాల గుండా పసుపు నింపిన డ్రమ్ముల్లోకి పోతుంది. లోపలి ఆవిరి దిగేదాకా డ్రమ్ము మూత తీయకూడదు. అయితే ఆగినకొద్దీ పని వెనకబడుతుంది, సీజనులో వెనక ఇంకో రైతు కాచుకుని ఉంటాడు.

బాయిలరు ఓనరు భూమేశ్వర్, కూలీలు పటేల్ అని పిలిచే మనిషి, ఆవిరి దిగకముందే మూత తీయమన్నాడని పోలీసుల కేసు. నిర్లక్ష్యంతో మనిషి చావుకు కారణమైనందుకు పెట్టే కేసు అది. సాయిలు తాగి వచ్చి, ఎవరూ చెప్పకుండానే తనంతట తాను మూత లాగాడని ఓనరు వాదన. అప్పుడు అక్కడున్న మిగతా కూలీలు పని కోసం దూరం నుంచి వచ్చినవాళ్లు. సమన్లు పోయిన చోటల్లా మనిషి లేడని తిరిగి వచ్చాయి. కల్లం రైతు బోనెక్కి, తాను అప్పుడు ఇంట్లో అన్నం తింటున్నానని చెప్పి దిగిపోయాడు. మిగిలింది లచ్చవ్వ ఒక్కతే.

పిలుపు కోసం వరండాలో కూర్చున్నప్పుడు ఆమె నాతో అన్న మాట ఇది: “ఆయన్ను జైలుకు తోలినా తోలకున్నా నాకేంది అక్కా. తాగి సచ్చిండు అన్న మాట పోవాలె. బడిల పిల్లగాండ్లను గదే అంటున్నరు. చుక్క ముట్టని మనిషి.”

ఆమెకు కావలసింది అంతే. తాగలేదు, చెబితేనే తీశాడు అని కోర్టు నోట ఒక మాట రావాలి.

ఇక ‘అంట’ సంగతి. మా దిక్కు ఆడవాళ్లలో, ముఖ్యంగా ఇంటి గడప లోపల పెరిగినవాళ్లలో, ఒక అలవాటు ఉంది. చెడ్డ మాటను, అందులోనూ ఇంటి మగవాడి మీదికి వచ్చిన చెడును, నలుగురు మగవాళ్ల ముందు సూటిగా పలకరు. పలికితే ఆ చెడు తన నోటినుంచే వచ్చినట్టు అవుతుందని భయం. అందుకని చివర ఒక ‘అంట’ తగిలించి, మాటను కొంచెం ఎడంగా పెడతారు. పురుగు పట్టిన గింజను కొనగోటితో పక్కకు తోసినట్టు. లచ్చవ్వ రోజంతా మామూలుగానే మాట్లాడింది. కట్టెలు పెడుతున్న అన్నది, పొద్దు ఎక్కింది అన్నది. మూత దగ్గరికి వచ్చేసరికే ‘అంట’ వచ్చేది.

జడ్జి గారు వేరే జిల్లా మనిషి. మంచివారు. తానే కల్పించుకుని అడిగారు, అమ్మా, మీ కళ్లతో చూశారా అని. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఆడనే ఉన్న సారు. మూత ఎగిరి ఆయన మీద పడ్డదంట” అన్నది. ఆయన కాసేపు ఆమె ముఖం చూసి, స్టెనో వైపు తిరిగారు. సాక్షి నోట వచ్చింది వచ్చినట్టే రాయించాలి. తనకు అర్థమైంది రాయించే అధికారం జడ్జికి లేదు. ‘అంట’కు కోర్టు రాతలో మాట ‘విన్నాను’. టైపు కాగితం మీద అది ‘మూత తీయమన్నట్లు విన్నాను, మూత ఎగిరి పడినట్లు విన్నాను’ అని దిగింది.

వాంగ్మూలం అయిపోగానే దాన్ని సాక్షికి చదివి వినిపించాలి. సరిగా ఉందని ఒప్పుకుంటేనే వేలిముద్ర. చదివారు. సరేనా అంటే ఆమె సరే అన్నది. విన్నాను అన్నా, అంట అన్నా ఆమె చెవికి ఒకటే. సిరా పెట్టె పట్టుకున్నది నేనే.

ఆ రోజు కోర్టు ముగిశాక ప్రభుత్వం తరఫు వకీలు, ఏపీపీ సారు, మెట్ల మీద కనపడితే ఆగి చెప్పాను. గామె ఇన్నది కాదు సార్, చూసింది అన్నాను. ఆయన వేల్పూర్ మనిషే. నా మాట పూర్తి కానివ్వలేదు. “మా అమ్మ గూడ గట్లనే మాట్లాడ్తది. నాకు తెల్వదా? నీకు నాకు తెలిస్తే ఏమైతది, కాయితం మీద లేదు గదా” అన్నాడు. అయినా ఊరుకోలేదు. సాక్షిని మళ్లీ పిలిచి విచారించాలని పిటిషన్ వేశాడు. చట్టంలో అందుకు వీలుంది. అవతలి వకీలు ఒప్పుకోలేదు. ఇద్దరి మాటా విని జడ్జి గారు అనుమతి ఇచ్చారు. ఆ రోజు నాకు కొంచెం నమ్మకం కలిగింది.

మళ్లీ వాయిదాకు లచ్చవ్వ తన అన్నతో వచ్చింది. పేరు మూడోసారి పిలవకముందే తలుపు దగ్గరికి వచ్చింది. బోనెక్కి ప్రమాణం చేసింది. ఈసారి కొంగు నోటికి పెట్టుకోలేదు. రెండు చేతులతో బోను కటకటాలు పట్టుకుని గోడ వైపు చూస్తూ చెప్పింది.

“పటేల్ మూత తియ్యమన్నడు. ఆవిరి దిగలేదని మా ఇంటాయన అన్నడు. దిగింది తియ్యిరా అన్నడు. తీసిండు. నా కండ్ల ముంగట మూత ఎగిరింది. అంగీ ఇప్పుదమంటే అంగీతోని తోలు వచ్చింది.”

అంతవరకు ఆ మాట నలుగురి ముందు ఆమె నోట సూటిగా వచ్చి ఉండదు. చెప్పడం అయినాక కూడా కటకటాలు వదల్లేదు. ఏపీపీ సారు కూర్చున్నాడు.

అవతలి వకీలు లేచాడు. పాతవాడు, గొంతు పెంచే అలవాటు లేదు.

“పోయిన వాయిదాకు అంట అన్నవు. ఇయ్యాల ఒక్క అంట లేదు. ఎట్ల పోయినయమ్మా?”

ఆమె గోడ మీది చూపు తిప్పి వకీలును చూసింది.

“దేవుని మీద ప్రమాణం చేసినవు గదా. ఎవరన్న నేర్పిండ్రా?”

“నేర్పిండ్రు సారు.”

“ఎవరు?”

“మా అన్న. అంట అనొద్దన్నడు. ఇంటికాడ రోజు చెప్పిపిచ్చిండు.”

వకీలు ఇంకేమీ అడగలేదు. కూర్చున్నాడు. ఏపీపీ సారు లేచి, అన్న ఏం నేర్పాడు, జరిగింది నేర్పాడా, చెప్పే తీరు నేర్పాడా అని అడిగాడు. ఆ తేడా ఆమెకు తెలియలేదు. తల వంచుకుని, “మా అన్న అప్పుడు ఆడ లేడు సారు, ఆయనకేం తెల్సు” అన్నది. అదే అసలు జవాబు. అది కూడా టైపు అయింది. కాని ముందు వచ్చిన ‘నేర్పిండ్రు’ కంటే కిందనే మిగిలింది.

ఆమె అబద్ధం చెప్పాలనుకుంటే ‘ఎవరూ నేర్పలేదు’ అని ఒక్క మాట అనేది. చాలామంది అంటారు. బోను పక్కన నిలబడి ఆ మాట చాలాసార్లు విన్నాను, వాటిలో ఎన్నో నిలబడ్డాయి కూడా.

తీర్పు రోజు పసుపు సీజను నడుస్తున్నది. మార్కెట్ యార్డుకు పోయే బండ్లతో రోడ్డంతా పసుపు దుమ్ము. తీర్పు పొడుగ్గా ఉంటే హాలులో చివరి ముక్కే చదువుతారు. ఉన్న ఒక్క ప్రత్యక్ష సాక్షి మొదట విన్న మాటగా చెప్పింది, తర్వాత నేర్పితే చెప్పానని తానే ఒప్పుకున్నది, కాబట్టి నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కాలేదు, అనుమానపు లాభం ముద్దాయికి ఇవ్వాలి, అని సారాంశం. ఓనరును విడుదల చేశారు. ఆయన జడ్జి గారికి దండం పెట్టి బయటికి పోయాడు. బయట ఆయన మనుషులు ఏమీ అరవలేదు. అది నాకు ఇంకా గుర్తుంది. మామూలు పని చూసుకున్నట్టు బండ్లు ఎక్కారు.

లచ్చవ్వ వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

“ఏమన్నడక్కా జడ్జి సారు? తాగిండని అన్నడా?”

“అనలే.”

“తాగలేదని అన్నడా?”

“గదీ అనలే.”

“మరి ఏమన్నడు?”

“కేసు కొట్టేసిండు.”

ఆమెకు ఏడుపు వచ్చింది. లోపల ఇంకో కేసు నడుస్తున్నది. శబ్దం లోపలికి పోతుంది, గేటు అవతల ఏడువు పో అన్నాను. పోయింది. మధ్యాహ్నం గేటు దగ్గర నా డబ్బాలోని జొన్నరొట్టె సగం ఇస్తే వద్దనలేదు. తింటూ ఒక మాట అడిగింది. మొదటిసారి నా తీరున నేను చెప్తే విన్నమాట అన్నరు, రెండోసారి వాళ్లు అడిగిన తీరున చెప్తే నేర్పిన మాట అన్నరు, మూడో తీరు ఏమన్న ఉన్నదా అని. నేను లేదనే చెప్పాను. లేనిది ఉందని చెప్పి ఆశ పెట్టడం నాకు చేతకాదు. పైకోర్టుకు పోవచ్చని ఏపీపీ సారు అన్నాడు. అక్కడ కొత్తగా ఎవరూ ఆమెను అడగరు, ఈ కాగితాలే చదువుతారని కూడా ఆయనే చెప్పాడు. ఎవరూ పోలేదు.

నా మనవరాలు ఇదంతా విని, అయితే సూత్రమే తప్పు అమ్మమ్మా అన్నది. కాదు. ఒకరు చెప్పింది విని ఇంకొకరిని శిక్షించే పద్ధతి ఉంటే, ఈ మార్కెట్ ఊళ్లో రోజుకొకడు జైలుకు పోతాడు. నేర్పిన సాక్షిని అనుమానించాల్సిందే. అనుమానం ఉంటే ముద్దాయిని వదలాల్సిందే. మూడూ సరైనవే. ఆ మూడు సరైనవీ కలిసి, అక్కడే నిలబడి చూసిన మనిషిని, ఆమె చెప్పిన నిజంతో సహా, బయటికి పంపించాయి. అందులో ఎవరి తప్పూ నాకు దొరకలేదు. దొరికి ఉంటే కొంత నయంగా ఉండేది.

నేను నేర్చుకున్నది ఇంతే. కోర్టు ముందుకు వచ్చేది జరిగిన సంగతి కాదు, దాన్ని చెప్పిన వాక్యం. ఆ వాక్యం ఏ ఇంటి మాటతీరులో పుట్టిందో రాసుకోవడానికి వాంగ్మూలం కాగితంలో చోటు లేదు. లా చదివేవాళ్లు ఆ తీర్పులు చదివేటప్పుడు, ‘సాక్షి విన్నానని చెప్పెను’ అన్న చోట సాక్షి ఏ మాట అన్నదో అని ఒకసారి ఆగి చూడాలి. చూసినా ఏమీ మారకపోవచ్చు.

మర్నాడు పొద్దున నేను తాళాల కోసం ఎప్పటిలాగే నడిచి పోతున్నాను. కూలి అడ్డా మీద లచ్చవ్వ డబ్బా పట్టుకుని ఆడవాళ్లలో నిలబడి ఉంది. ఆటో వచ్చింది. మేస్త్రీ దిగి, వేల్పూర్ దిక్కు పసుపు ఉడకబెట్టేది ఉన్నది, భూమేశ్వర్ పటేల్ బాయిలరు అన్నాడు. ఆడవాళ్లు ఆమె వైపు చూశారు. ఇంకేడన్న ఉన్నదా అని ఆమె అడిగింది. ఇయ్యాల గిదే ఉన్నది, వస్తే రా లేకుంటే ఇంకొకలు ఎక్కుతరు అన్నాడు. ఆమె తలకు తువ్వాల చుట్టుకుని ఎక్కింది. ఆటో పోయింది. నేను పోయి కోర్టు తలుపులు తీసి, బెంచీలు తుడిచి, బెంచి క్లర్కు చెప్పిన మొదటి పేరును మూడుసార్లు పిలిచాను.