కొసరుగా వచ్చిన పసుపు పూలు

మా నాన్నది కిరాణా కొట్టు. మేనమామలిద్దరివీ కిరాణా కొట్లే. కొసరు అడగకుండా సరుకు తెచ్చేవాణ్ణి మా ఇంట్లో చేతగానివాడి కింద జమకట్టేవారు. ఆ బుద్ధి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా నాతోనే వచ్చింది. శనివారం సంతలో మూలికలమ్మే ముసలావిడ దగ్గర పుదీనా, సోంపు కొని, నాకొచ్చిన కాస్త జర్మన్‌లో ఇంకేమైనా వేయమన్నాను. ఆవిడ అర్థంకానట్టు చూసి, తర్వాత నవ్వి, ఎండిన పసుపు పూలు రెండు గుప్పిళ్ళు కాగితంలో చుట్టి ఇచ్చింది. యోహానిస్‌క్రౌట్. టీ కాచుకుంటే మనసు కుదుటపడుతుంది, నిద్ర పడుతుంది అంది. కొన్న పొట్లాల మీద చిన్న అక్షరాల్లో జాగ్రత్తలున్నాయి. కొసరు మీద ఏమీ లేవు.

"ఫుకట్ల వస్తే పురుగుల మందైనా పట్టుకొస్తవు నువ్వు," అంది నా భార్య. అయినా తాగింది. అంతకు ముందు ఏడాది ఆమె గుండెకు లోహపు కవాటం వేశారు. ఇల్లు నిశ్శబ్దమైతే దాని టిక్కుటిక్కు ఆమెకు వినిపించేది, నిద్ర పట్టేది కాదు. ఆ టీతో పట్టింది. ఇక వారం వారం కొసరు తెచ్చాను, గర్వంగా.

కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా ఆమె రోజూ మాత్ర వేసుకోవాలి. అది ఎంత పనిచేస్తోందో వేలు పొడిచి చూస్తారు. అంకె రెండున్నరకు తగ్గకూడదు. నెల తిరక్కుండానే రెండుకొచ్చింది. డాక్టరు మాత్ర పెంచారు. అంకె ఇంకా దిగింది.

ఏం తింటున్నారని అడిగారు. ఆకుకూరలని చెప్పాం, నేరం ఒప్పుకున్నట్టు. అవి మాత్ర బలం తగ్గిస్తాయట. ఆ రోజే గోంగూర, పాలకూర బంద్. నోరు చప్పగా ఉందని ఆమె ఇంకో కప్పు టీ తాగడం మొదలుపెట్టింది. టీ తిండి కాదు గదా, దాని సంగతి చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

చలి ముదిరాక ముసలావిడ సంతకు రావడం మానేసింది. పెంచిన మాత్రల చీటీ పట్టుకుని అపొథేకెకు, అంటే మందుల షాపుకు, వెళ్ళినప్పుడు, మందులతోపాటు ఆ పూల టీ కూడా అడిగాను. కౌంటర్లోని అమ్మాయి చీటీ మీదనుంచి తలెత్తింది.

"టీ ఎవరికి?"

"మా ఆవిడకే. రెండూ ఆమెకే. కలిపి తీసుకుంటే ఏమైనా తగ్గిస్తారా?"

సిగ్గు లేకుండా అలాగే అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. ఎన్ని వారాలుగా తాగుతున్నారని అడిగి, నా జవాబు పూర్తికాకముందే డాక్టరుకు ఫోన్ చేసింది. ఆ పూలు మాత్రను పనిచేయనివ్వవట.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. కవాటం మీద గడ్డ లేదు. నేను ఊపిరి వదిలేలోపే డాక్టరు మళ్ళీ అందుకున్నారు. టీ మానినా దాని ప్రభావం వెంటనే పోదు. పోయేకొద్దీ, పెంచిన మాత్ర ఎక్కువైపోవచ్చు. అప్పుడు భయం గడ్డ గురించి కాదు, రక్తస్రావం గురించి. మాత్ర తగ్గించి, ఒంటి మీద నీలిమచ్చలేమైనా వస్తాయేమో కనిపెట్టుకుని ఉండమన్నారు.

పదో రోజు పొద్దున ఆమె చపాతీలు ఒత్తుతుంటే మోచేతి కింద రూపాయంత నీలిమచ్చ కనిపించింది.

"తల్పు తగిలిందిలే," అంది.

మధ్యాహ్నానికి అది అరచేయంత అయింది. ఆమె స్వెటర్ చేతులు కిందికి లాక్కుంది. ఆసుపత్రికి పోదామని నేను కోటు తెచ్చి ఇచ్చాను. ఆమె తొడుక్కుని, మాత్రల చీటీ సంచిలో పెట్టుకుంది.