విమానాన్ని షెడ్డులోకి లాగిన మా సత్యవతి పిన్ని

నిన్న పొద్దున్న బ్యాంకుకు బయలుదేరుతుంటే మూర్తి బాబాయ్ ఫోన్.

"పిన్ని వెళ్లిపోయిందమ్మా" అన్నారు.

"ఏ ఊరు?" అని అడిగాను.

నిజంగానే అలా అడిగాను. అవతల బాబాయ్ ఏడుపు వినపడేదాకా నాకు అర్థం కాలేదు. మామూలు జ్వరమని కాకినాడ హాస్పిటల్లో చేర్చారు. తగ్గుతోంది, రేపో ఎల్లుండో పంపించేస్తాం అన్నారు డాక్టర్లు. ముందే పంపించేశారేమో అనుకున్నాను.

సత్యవతి పిన్ని మా అమ్మకు చెల్లెలు. ఉప్పాడ పిల్ల. బాబాయ్ రాజమండ్రి దగ్గర ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో ఇన్‌స్ట్రక్టర్‌గా చేసేవారు. ఉన్నది ఒకే విమానం, ఇద్దరు కూర్చునేది. పిన్నికి అదంటే అస్సలు పడేది కాదు. "ఆ రేకు డబ్బా" అనేది.

తొంభైల చివర్లో క్లబ్బు దాదాపు మూతపడింది. స్టాఫ్ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. షెడ్డు ముందు కాస్త ఎత్తు. విమానాన్ని లోపలికి తొయ్యాలంటే ముగ్గురైనా కావాలి. బాబాయ్ ఒక్కరే తోసి తోసి నడుం పాడుచేసుకున్నారు. ఇంకేదీ తొయ్యకూడదని డాక్టర్ గట్టిగా చెప్పేశారు.

దాంతో బాబాయ్ ఇంట్లో కూర్చున్నారు. మనిషి మాటే మానేశారు.

అప్పుడు పిన్నే అంది. "ఏమండీ, కాకినాడ హార్బర్లో అంతంత బోట్లను మోటారు పెట్టి లాగేస్తున్నారు కదా. మీ డబ్బా ఎంతండీ?"

అనడమే కాదు, కాకినాడ వెళ్లి మెకానిక్‌ను తీసుకొచ్చింది. షెడ్డు వెనక గోడ దగ్గర, తాడు చుట్టుకుంటూ బరువులు లాగే మోటారు వించ్ బిగించారు. ఇనుప తాడు కొక్కెం విమానం వెనక తగిలిస్తే, అది మెల్లగా వెనక్కి నడుచుకుంటూ లోపలికి వచ్చేది. బాబాయ్ ముందు చక్రానికి కడ్డీ తగిలించి దారి మళ్లించేవారు. పిన్ని చేతిలో బటన్. నొక్కి పట్టుకుంటేనే మోటారు తిరుగుతుంది, వదిలితే ఆగిపోతుంది.

అలా బాబాయ్ మళ్లీ గాల్లోకి ఎగిరారు.

ఒక వేసవి సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన. బాబాయ్ ఎలాగో దిగారు. చుట్టుపక్కల ఎవరూ లేరు. విమానం సగం లోపలికి వచ్చేసరికి పెద్ద గాలి కొట్టింది, ఒక రెక్క పైకి లేచింది. బాబాయ్ కడ్డీ వదిలేసి వెళ్లి దాన్ని పట్టుకుని వేలాడారు. గాలి ఆయన్నే విసిరికొట్టింది. రెక్క కిందే పడ్డారు. లేవలేదు.

పిన్ని బటన్ వదిలి ఆయన దగ్గరికి పరిగెత్తితే మోటారు ఆగిపోతుంది. ఆ గాలికి విమానం తిరగబడితే ఆయన మీదే పడుతుంది.

వదల్లేదు. విమానం పూర్తిగా లోపలికి వచ్చేదాకా నొక్కి పట్టుకునే నిలబడింది. ఆ తర్వాత వానలోకి పరిగెత్తింది.

బాబాయ్‌కి భుజం ఎముక విరిగింది, ప్రాణం దక్కింది. హాస్పిటల్లో ఆయన అందరికీ చెప్పారు, "మా ఆవిడ కాబట్టి బతికాను" అని. పిన్ని నవ్వలేదు. నన్ను వరండాలోకి తీసుకెళ్లి ఏడ్చింది.

"ఆయన అక్కడ కదలకుండా పడుంటే, నేను చూస్తూ నిలబడ్డానే. నేనసలు మనిషినేనా?"

"నువ్వు వదిలేసుంటే బాబాయ్ ఉండేవారు కాదు పిన్నీ" అన్నాను. తెలుసంది. తెలిసినా ఏడుపు ఆగలేదు.

భుజం బాగయ్యాక బాబాయ్ భయపడుతూనే అడిగారు, మళ్లీ వెళ్లనా అని. పిన్ని చీర మార్చుకుని స్కూటర్ వెనక కూర్చుంది. క్లబ్బు మూసేసేదాకా ఆ బటన్ ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

నిన్న సాయంత్రం అంతా అయిపోయాక బాబాయ్ దగ్గర కూర్చున్నాను. భోజనం పెడితే పక్కకు నెట్టేశారు.

"నేను పైన విమానంలో ఉన్నంతసేపూ మీ పిన్ని మంచినీళ్లు కూడా ముట్టుకునేది కాదంటమ్మా. ఈ మధ్యే చెప్పింది. అలాంటిది, అక్కడ హాస్పిటల్లో పై వార్డులో తన ప్రాణం పోతుంటే నేను కింద క్యాంటీన్లో ఇడ్లీ తింటున్నాను."

ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

వెళ్లిరా పిన్నీ. బాబాయ్ చేత నాలుగు ముద్దలు తినిపించే బాధ్యత నాది.

ఎవరి కోసమూ భయపడక్కర్లేని చోట నీ ప్రాణం హాయిగా ఉండాలి.