రెండు మిద్దెల నడుమ దారం

ఖతర్‌లో, అల్ అజీజియాలోని ఫ్లాట్‌లో జహనారా తెల్లదుప్పటి కత్తిరించి నాటకానికి గౌను కుడుతోంది. తొడుక్కోవలసిన పిల్ల మాత్రం మంచం మీద ముఖం మాడ్చుకుని కూర్చుంది. బడి నాటకంలో ఆమె చిన్న కూతురు ఫర్హా ట్రాయ్ నగరపు అమ్మాయి. కోట చుట్టూ శత్రుసైన్యం, మూసేసిన తలుపులు. మగవేషాలకు కత్తులిచ్చి, ఈమెను గోడ మీద నిలబడి ఏడవమన్నారు.

"నేను చెయ్య అమ్మీ. రేపు టీచర్‌కు చెప్పి పేరు తీసేయించుకుంట. ఊకె ఏడ్చుకుంట నిలబడాల్నా?"

జహనారా ప్రాణం ఉసూరుమంది. పిల్లల్లో ఒక్కరైనా స్టేజీ ఎక్కితే చూడాలని ఆమెకు ఎన్నాళ్ల ఆశో!

"ఏడ్సుడెందుకే? మేము ఏడ్సినమా?" అంది.

ఇంట్లో దక్కనీ ఉర్దూయే నడిచినా ఈ పిల్లతో తెలుగు మాట్లాడటం జహనారా పట్టుదల. అది శివకుమారి నేర్పిన తెలుగు మరి.

హైదరాబాద్ పాతబస్తీలో జహనారా పుట్టింటికి శివకుమారిది ఎదురిల్లు. ఊళ్లో గొడవలై కర్ఫ్యూ పెట్టిన రోజులవి. కాలేజీ లేదు, గల్లీలో కాలు పెడితే లాఠీ. పెద్దవాళ్లు రేడియోకు చెవులప్పగిస్తే, ఈ ఇద్దరూ ఎవరి మిద్దె వాళ్లు ఎక్కేవారు. లోకం తగలబడుతున్నా శివకుమారి ఇంట మల్లెతీగ మాత్రం విరగబూసింది. ఆమె సగం పూలు పొట్లం కట్టి ఇటు విసిరేది. ఆ వెనకే దారపు ఉండ. "పట్టుకున్న శివా!" అని జహనారా కేక పెట్టేది. ఒకే దారానికి చెరో కొసనా మాల కట్టేవారు. ఒకరు వదులు చేస్తే రెండోవారి ముడి జారేది, ఇక తిట్లే తిట్లు. కింద కాపలా పోలీసు టోపీ మీద ఓ మల్లె జారవిడిచి గోడచాటున నక్కేవారు. అంత నవ్వు జహనారా మళ్లీ నవ్వలేదు. కర్ఫ్యూ ఎత్తెయ్యకపోతే బాగుండునని కూడా అనుకుంది, పిచ్చిది.

కర్ఫ్యూ సడలించిన ఓ పొద్దున జహనారా పాల కోసం వరుసలో నిలబడి ఉండగానే శివకుమారి వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఎదురుమిద్దె గోడ మీద దారపు ఉండ ఒక్కటే మిగిలింది. తర్వాత పెళ్లి, ఖతర్, పిల్లలు. మల్లెలు కనిపిస్తే చాలు, ఆ పిల్ల గుర్తొస్తుంది.

అంతా విని ఫర్హా మంచం దిగింది.

"దారపు ఉండ ఉన్నదా అమ్మీ?"

నాటకం రోజు జహనారా భర్త గయాజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో డ్యూటీ దిగి నేరుగా హాలుకు వచ్చాడు. తెర లేచింది. టీచర్‌ను ఎలా ఒప్పించిందో గానీ, అట్టకోట మీద ఫర్హా ఏడవలేదు. ఎదురు బురుజు మీది పిల్లను పిలిచి, నవ్వుతూ దారపు ఉండ విసిరింది.

కింద కుర్చీలో జహనారా చేతులు రెండూ వాటంతటవే లేచాయి.

"పట్టుకున్న శివా!"

హాలంతా ఘొల్లున నవ్వింది. జహనారా ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ కర్ఫ్యూలో ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.