తుడిచేసిన సుద్దగీత

పెయింటరుకి చెయ్యి తిరిగిందన్నది ఎంత నిజమో, దుమ్మంటే చాదస్తమన్నదీ అంతే నిజం. రంగు కింద ఒక్క నలుసు కనబడితే చాలు, కారు తలుపంతా గీకేసి మళ్ళీ మొదటికొచ్చేవాడు. "నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశావా?" అని భార్య దెప్పేది.

అతని తమ్ముడు వెల్డరు. ఓ పాత కారు కొని, ఊరి బయట మట్టి మైదానంలో జరిగే పందేలకి దాన్ని తయారుచేద్దామన్నాడు. అన్న మండిపడ్డాడు. "పిల్ల పుట్టినా నీకు బుద్ధి రాలేదురా!" అన్నాడు. మర్నాడే రంగు డబ్బాలు పట్టుకొచ్చాడు. తిట్టడం వేరు, వదిలెయ్యడం వేరు కదా!

తమ్ముడు సీటు చుట్టూ ఇనుప పైపులతో గూడు కట్టాడు. బండి తిరగబడితే మనిషిని కాపాడేది అదే. వాడికో అలవాటుంది. ముందు ప్రతి అతుక్కీ రెండు వెల్డింగు చుక్కలు మాత్రం వేసి పైపుల్ని నిలబెడతాడు. ఇంకా పూర్తిగా అతకని చోట సుద్దతో గీత గీస్తాడు. అతికాక తనే చెరిపేస్తాడు. పదేళ్ళుగా చూస్తున్న అన్నకి ఈ సంగతి తెలియంది కాదు.

పందెం వారం ఉందనగా తమ్ముణ్ణి జ్వరం పడేసింది. అన్న ఊరుకోలేక రంగు పనికి దిగాడు. థిన్నరు గుడ్డతో గూడంతా తుడిచాడు. కుడిపక్క వెనక అతుకు మీది తెల్లగీత కూడా గుడ్డకి అంటుకుపోయింది. అతని కంటికి అదీ దుమ్మే. ఇంకేం ఆలోచించలేదు మహానుభావుడు! పైన మూడు కోట్లు ఎర్రరంగు కొట్టాడు.

తమ్ముడు లేచొచ్చి బండి చుట్టూ తిరిగాడు.

"అదరగొట్టావన్నా! గీతలేమన్నా మిగిలాయా?"

"ఒక్కటీ లేదురా," అన్నాడు అన్న, రంగు వంకే మురిపెంగా చూసుకుంటూ.

పందెంలో మూడో మలుపు దగ్గర బండి పల్టీ కొట్టింది. గూడు ఆ అతుకు దగ్గరే ఊడిపోయింది. తమ్ముడి ప్రాణం దక్కింది గానీ నడుం కింద స్పర్శ పోయింది. బండిని ఇంటికి తెచ్చాక అన్న ఊడిన పైపు చివర చూశాడు. రెండే చుక్కలు, వాటి మీద నున్నటి ఎర్రరంగు. తను తుడిచేసిన తెల్లగీత గుర్తొచ్చింది.

"జ్వరంలో గీత పెట్టడం మరిచానన్నా. నా చేతులారా చేసుకున్నాను," అనేవాడు తమ్ముడు మంచంలోంచి. మరదలు కూడా మొగుణ్ణే తిట్టిపోసేది. అన్న నెల్లాళ్ళు అసలు సంగతి దాచాడు. నిజం చెబితే తమ్ముడు తనకి దక్కడని భయం.

ఓ పొద్దున తమ్ముడు భార్యని పిలిచాడు. "ఆ వెల్డింగ్ మిషను ఎవరికైనా ఇచ్చెయ్యి. ఈ చేతుల్ని నేనింక నమ్మను."

అన్న ఇక ఆగలేకపోయాడు.

"నువ్వు గీశావురా. నేనే తుడిచేశాను. దుమ్మనుకున్నాను."



"నిన్ను అడిగాను కదన్నా," అన్నాడు తమ్ముడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అన్న వాడి కాళ్ళు పట్టుకుని బావురుమన్నాడు. పట్టుకున్నట్టు వాడికి తెలియలేదు.